రేడియో ఆరోగ్య కార్యక్రమాలు చేసేవారికి బహిరంగ లేఖ: ఎవరికి ప్రమాదమో చెబుతున్నారు, ఎంత వ్యవధి ఉందో కూడా చెప్పండి

సామాజిక రేడియోల్లో, ఎఫ్.ఎం. కేంద్రాల్లో, ప్రభుత్వ ప్రసార కేంద్రాల్లో తల్లుల ఆరోగ్యంపై కార్యక్రమాలు చేస్తున్న నిర్మాతలకు, రచయితలకు, వ్యాఖ్యాతలకు నమస్కారం.

ఈ లేఖ రాస్తున్నవాళ్లలో కొందరం కాన్పుల గదుల్లో పనిచేసేవాళ్లం, కొందరం ఆరోగ్య సమాచారం రాసేవాళ్లం. మీ కార్యక్రమాలు వింటూనే ఉంటాం. గర్భిణుల కోసం చేసే అరగంట కార్యక్రమం ఎక్కడ విన్నా ఇంచుమించు ఒకే తీరున సాగుతుంది. ఒక డాక్టరుగారు వస్తారు. మరీ చిన్న వయసులో గర్భం, ముప్పై అయిదు దాటాక గర్భం, రక్తహీనత, షుగరు, కవలలు, అంతకు ముందు ఆపరేషన్ కాన్పు అంటూ ‘హై రిస్క్’ జాబితా చదువుతారు. మంచి ఆహారం తినమంటారు, పరీక్షలు మానవద్దంటారు, నిర్లక్ష్యం చేయవద్దని ముగిస్తారు. చెప్పినదాంట్లో తప్పేమీ ఉండదు. విన్న మనిషికి మాత్రం చివరికి మిగిలేది ఒక్కటే: ‘అమ్మయ్య, ఆ జాబితాలో నేను లేను.’

మా అభ్యంతరమంతా ఆ ‘అమ్మయ్య’ గురించే.

కాన్పు తర్వాత విపరీతంగా రక్తం పోయేవాళ్లలో చాలామంది ఆ జాబితాలో ఎక్కడా కనిపించరు. పాతికేళ్ల వయసు, అన్ని పరీక్షలూ సవ్యంగా వచ్చిన గర్భం, తేలిగ్గా అయిన కాన్పు, అయినా గర్భసంచి ముడుచుకోకపోతే చాలు. ఎవరికి అలా అవుతుందో ముందే ఖాయంగా పసిగట్టే పద్ధతి ఇవాళ్టికీ లేదు. అందువల్ల ‘ఎవరికి ప్రమాదం’ అన్న ప్రశ్న డాక్టరుకు ఎంత పనికొచ్చినా, వినే మహిళకు అంతగా పనికిరాదు. ఆమెకు కావలసినవి వేరు. ఏ గుర్తు కనిపిస్తే కదలాలి? ఎంతలోపు కదలాలి? ఎక్కడికి వెళ్లాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో గర్భంవల్ల, కాన్పువల్ల చనిపోయినవాళ్లు సుమారు 2 లక్షల 60 వేల మంది, అంటే రోజుకు 700 మందికి పైగా. కారణాల్లో మొదటిది రక్తస్రావం. దాని వెనకే గర్భంలో వచ్చే అధిక రక్తపోటు, ఇన్‌ఫెక్షన్, గర్భస్రావంలో వచ్చే చిక్కులు. వీటిలో ఎక్కువ భాగానికి చికిత్స ఉంది, అదీ ఏనాటి నుంచో ఉన్నదే. మరి ఎందుకు పోతున్నారంటే, చికిత్సకూ మనిషికీ మధ్య గంటలు గడిచిపోతున్నాయి గనుక.

ఆ గంటల లెక్క ప్రసూతి రంగంలో చాలాకాలంగా వాడుకలో ఉంది. చికిత్స అందకపోతే, సమస్య మొదలైనప్పటి నుంచి ప్రాణం పోయేదాకా సగటున ఎంత వ్యవధి ఉంటుందన్న అంచనా అది. కాన్పు తర్వాత రక్తస్రావానికి 2 గంటలు. కాన్పుకు ముందు రక్తస్రావానికి 12 గంటలు. గర్భసంచి చిట్లితే ఒక రోజు. గుర్రపువాతానికి, అంటే గర్భంలో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే స్థితికి, 2 రోజులు. బిడ్డ అడ్డుపడి కాన్పు కాకపోతే 3 రోజులు. ఇన్‌ఫెక్షన్‌కు 6 రోజులు. ఇవి సగటులే. అరగంటలో పరిస్థితి చేయి దాటిపోయేవాళ్లూ ఉంటారు. అయినా మీకు కార్యక్రమం రాసుకోవడానికి ఇంతకంటే మంచి చట్రం దొరకదని మా నమ్మకం. ఆసుపత్రి గంటన్నర దూరంలో ఉన్న ఇంట్లో, కాన్పు తర్వాత రక్తం ఆగడం లేదంటే ‘చూద్దాం, తగ్గుతుందేమో’ అనుకునే వెసులుబాటు అరగంట కూడా లేదు. మీ శ్రోతల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

రక్తస్రావం గురించి కాస్త వివరంగా రాస్తాం, ఎందుకంటే రేడియో ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘అధిక రక్తస్రావం అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి’ అని ప్రసారం చేస్తారు. అధికం అంటే ఎంత? కాన్పయ్యాక రక్తం పోవడం అందరికీ మామూలే. మామూలుకూ అధికానికీ గీత ఎక్కడుందో చెప్పనప్పుడు ఆ హెచ్చరిక ఉన్నా లేనట్టే. వైద్య పుస్తకంలో 500 మిల్లీలీటర్లు అని ఉంటుంది, ఇంట్లో దాన్ని కొలిచేవాళ్లు ఎవరు? చెప్పదగిన కొలత ఇది: బిడ్డ పుట్టిన తర్వాత 20, 30 నిమిషాల్లో రెండు మూడు ప్యాడ్లుగానీ మందపాటి గుడ్డలుగానీ పూర్తిగా తడిసిపోవడం. తగ్గాల్సిన రక్తం తగ్గకుండా పెరగడం కూడా అంతే ప్రమాదం. దీనితోపాటు ఇంకో మాట తప్పక చెప్పాలి. ధారగా కారితేనే ప్రమాదమని జనం అనుకుంటారు. సన్నగా, ఆగకుండా గంటల తరబడి కారేది కూడా మనిషిని తీసుకుపోతుంది, పైగా దాన్ని ఎవరూ పట్టించుకోరు. తల తిరగడం, చెమటలు పట్టి ఒళ్లు చల్లబడటం, గుండె దడదడలాడటం కనిపించేసరికే చాలా రక్తం పోయి ఉంటుంది. మాయ అరగంటలో పడకపోయినా బయల్దేరాల్సిందే. బొడ్డుతాడు పట్టి లాగకూడదు, లాగితే గర్భసంచి తిరగబడి బయటికి రావచ్చు.

ఒక నిమిషం స్పాట్ ఎలా ఉండవచ్చో నమూనాగా రాస్తున్నాం:

‘పిన్నీ, ఈ గుడ్డ కూడా తడిసిపోయింది. ఇది రెండోది.’
‘కాన్పన్నాక ఆ మాత్రం పోవద్దూ? చెడు రక్తం, పోనీవే.’
‘బిడ్డ పుట్టి అరగంటే అయింది పిన్నీ. అరగంటలో రెండు గుడ్డలు తడిస్తే ఇంట్లో ఉంచకూడదు. నేను బండికి ఫోన్ చేస్తున్నా.’
‘మీ బావ వచ్చాక వెళ్దామే.’
‘బావకి దారిలో చెబుదాం. నువ్వు అక్కకి దుప్పటి కప్పు, బిడ్డని రొమ్ముకి పట్టించు.’
వ్యాఖ్యాత: ‘కాన్పయ్యాక అరగంటలో రెండు గుడ్డలు తడిస్తే బయల్దేరండి. అరగంట. రెండు గుడ్డలు. ఎవరి కోసమూ ఆగకండి. రక్తం ఎక్కించే ఏర్పాటున్న ఆసుపత్రికే వెళ్లండి.’

ఇందులో మాయ గురించి లేదు, ఫిట్స్ గురించి లేదు, ఆహారం గురించి లేదు. అవి వేరే స్పాట్లకు. ‘చెడు రక్తం’ అన్న మాట కావాలనే పెట్టాం. ఇంట్లో పెద్దవాళ్లు నిజంగా అనే మాట అది. పిన్నిని మూర్ఖురాలిగా చూపించలేదు, ఆమెతో ఎవరూ వాదించలేదు కూడా. కదలాలని చెప్పింది డాక్టరు కాదు, ఇంట్లోని అమ్మాయే. బిడ్డను రొమ్ముకు పట్టిస్తే గర్భసంచి ముడుచుకోవడానికి సాయపడే హార్మోన్ విడుదలవుతుంది, ఆ మాట అందుకే వచ్చింది. అంకెలు మళ్లీ వినిపించాయి, ఎందుకంటే రేడియోను వెనక్కి తిప్పి వినలేం. చివరి వాక్యంలో ఎక్కడికి వెళ్లాలో ఉంది. ఊరికే ‘ఆసుపత్రి’ అంటే దగ్గర్లో ఉన్న చిన్న దవాఖానాకు వెళ్లి, అక్కణ్నుంచి మరో చోటికి, అక్కణ్నుంచి ఇంకో చోటికి తిరిగి ఉన్న రెండు గంటలూ అయిపోతాయి.

ఇక బీపీ. ఇక్కడ తప్పు ఇంకో రకం. దాదాపు ప్రతి కార్యక్రమంలోనూ కాళ్ల వాపును ప్రమాద సూచనగా చెబుతారు. నిండు నెలల్లో కాళ్లకు నీరు పట్టడం చాలామందికి ఉండేదే, ఎక్కువమందికి దానివల్ల ఏమీ కాదు. తన కాళ్లూ వాచాయి, పక్కింటామె కాళ్లూ వాచాయి, ఇద్దరికీ ఏమీ కాలేదు. అప్పుడు శ్రోతకు తెలిసివచ్చేది ఒక్కటే: రేడియోలో చెప్పే ప్రమాద సూచనలు ప్రమాదాలేమీ కావని. తర్వాత నిజంగా తలనొప్పి వచ్చినప్పుడు కూడా అదే ధీమా. కాబట్టి మొహం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, మామూలు మాత్రకు తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం లేదా కళ్లముందు మెరుపులు, పక్కటెముకల కింద పొట్ట పైభాగంలో నొప్పి, ఈ నాలుగూ చెప్పండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ పూటే బీపీ చూపించుకోవాలి.

అయితే బీపీ బాగా పెరిగినా ఏ బాధా తెలియనివాళ్లు చాలామంది. అందుకే గుర్తుల కంటే ముందు అంకె నేర్పాలి. గర్భం 20 వారాలు దాటాక పై అంకె 140గానీ కింది అంకె 90గానీ చేరితే అది లెక్కలోకి వచ్చినట్టే. 160గానీ 110గానీ చేరితే మర్నాటి దాకా ఆగే పని కాదు, అప్పటికప్పుడు చికిత్స మొదలవ్వాలి. పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ ‘నా బీపీ ఎంతుందండీ?’ అని అడిగి, ఆ అంకె గుర్తుపెట్టుకుని ఇంటికి రావడం ఒక్కటి మీ కార్యక్రమం అలవాటు చేయగలిగితే, పది ఉపన్యాసాల పెట్టు. ‘నార్మల్‌గానే ఉందమ్మా’ అన్న జవాబుతో సరిపెట్టుకోవద్దని చెప్పండి. చూసే పద్ధతి కూడా ఒక ఎపిసోడ్‌కు సరిపడా విషయమే: అయిదు నిమిషాలు కూర్చున్నాక చూడాలి, వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, పట్టీని చొక్కా మీద కాకుండా ఒంటికే చుట్టి, చేయి గుండె ఎత్తులో ఉంచి, చూసేటప్పుడు మాట్లాడకుండా. లావుగా ఉన్న చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఆదరాబాదరా క్యూలో నిలబెట్టి చూసిన బీపీని నమ్మలేం.

ఫిట్స్ వస్తే ఏం చేయాలన్నది పొడిగా, నాటకీయత లేకుండా చెప్పండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు. గట్టిగా అదిమి పట్టకూడదు. ఆగిపోయిందిగదా అని ఇంట్లో ఉంచకూడదు, మళ్లీ రావచ్చు. ఈ ఫిట్స్‌ను ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్ ఉన్న చోటికి తీసుకెళ్లాలి. ఈ మందు పేరు మాత్రం ప్రసారంలో చెప్పవచ్చు, ఎంత మోతాదో అక్కర్లేదు.

మందుల విషయంలో మా మాట మొత్తంగా ఇదే: మోతాదులు గాలిలో వదలకండి. బీపీ వచ్చే అవకాశం ఎక్కువున్న కొందరికి డాక్టర్లు 20 వారాలలోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. ఇది మంచి సమాచారమే. కానీ ‘గర్భిణులకు ఆస్పిరిన్ మంచిది’ అన్న ముక్క ఒక్కటే చెవిన పడిన మనిషి తలనొప్పికి దాన్ని మింగి ఊరుకుంటుంది. ‘నాకు ఆస్పిరిన్ అవసరమా అని మీ డాక్టరును అడగండి’ అంటే సరిపోతుంది. ఐరన్ మాత్ర ఒక్కటి దీనికి మినహాయింపు, ఎందుకంటే అది దాదాపు అందరికీ. రోజుకు 30 నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్, 0.4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. ‘వేసుకోండి’ అని అందరూ చెబుతారు, ఎందుకు మానేస్తున్నారో ఎవరూ మాట్లాడరు. వికారం, మలబద్ధకం, మలం నల్లగా రావడం. నలుపు రంగు చూసి భయపడి మానేసేవాళ్లు ఎందరో. అది మందు రంగేనని ఒక్క వాక్యం చెబితే చాలు. వికారంగా ఉంటే రాత్రి భోజనం అయ్యాక వేసుకోవచ్చు, కాఫీ టీలతో గానీ క్యాల్షియం మాత్రతో గానీ కలిపి మాత్రం వేసుకోకూడదు. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రం. అలాంటి మనిషికి మామూలుగా పోయే రక్తం కూడా మోయలేని నష్టమే. రక్తస్రావం స్పాట్ వెనకే ఐరన్ స్పాట్ వేస్తే రెండూ ఒకదాన్నొకటి నిలబెడతాయి.

నొప్పులు పెంచే సూది గురించి మీరు అస్సలు మాట్లాడటం లేదు. ఇంట్లో కాన్పు ఆలస్యమవుతోందని ఎవరో ఒకరి చేత ఆక్సిటోసిన్ సూది వేయిస్తారు. బిడ్డ పుట్టకముందు, పర్యవేక్షణ లేకుండా అది వేస్తే గర్భసంచి చిట్లవచ్చు, బిడ్డకు ఊపిరి అందకపోవచ్చు. అదే మందును బిడ్డ పుట్టిన వెంటనే 10 యూనిట్లు కండకు ఇస్తే రక్తస్రావాన్ని ఆపే మొదటి రక్షణ అవుతుంది. మందు ఒకటే, ఇచ్చే సమయమే తేడా. ఇంతకంటే మంచి నాటిక కథ మీకు ఎక్కడ దొరుకుతుంది?

గర్భం మొదటి మూడు నెలలను, గర్భస్రావాన్ని కూడా కార్యక్రమాలు తప్పించుకు తిరుగుతాయి. నెల తప్పిన కొద్ది వారాలకే పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం మీద నొప్పి ఉంటే గర్భం ట్యూబులో ఉండి చిట్లి ఉండవచ్చు. బయటికి రక్తం కొంచెమే కనిపిస్తుంది, లోపల నిండిపోతుంది. గర్భస్రావం తర్వాత జ్వరం, దుర్వాసనతో స్రావం, ఆగని రక్తం ఉంటే ఎవరు చేశారు, ఎందుకు చేశారన్న ప్రశ్నలకు భయపడకుండా ఆసుపత్రికి రమ్మని చెప్పండి. అంతకు మించి వ్యాఖ్యానం అనవసరం. ఒక్క నీతివాక్యం జోడించినా ఆమె రాదు.

కాన్పు కాగానే మీ కార్యక్రమం బిడ్డ వైపు తిరిగిపోతుంది. టీకాలు, తల్లిపాలు, బిడ్డ బరువు. తల్లి కథ ముగిసినట్టే. కానీ బీపీ చాలామందిలో కాన్పయ్యాక 3 నుంచి 6 రోజుల మధ్య పతాక స్థాయికి వెళుతుంది, సరిగ్గా ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసే రోజులవి. గర్భంలో బీపీ లేనివాళ్లకు కూడా కాన్పు తర్వాత ఫిట్స్ రావచ్చు. బాలింతకు తలనొప్పి అంటే నిద్ర చాలకనో, గాలి తగిలో అనుకుంటారు. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, వాసన వేసే స్రావం, పొత్తికడుపు నొప్పి ఇన్‌ఫెక్షన్‌కు గుర్తులు. ఒళ్లు చల్లగానే ఉండి ఊపిరి వేగం పెరిగి, మాట తడబడుతూ ఉంటే అది ఇంకా తీవ్రం, జ్వరం లేదుగదా అని ఊరుకోకూడదు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే తగ్గడం గుండె బలహీనపడిందనడానికి సూచన. ఇది కాన్పయిన నెలల తర్వాత కూడా రావచ్చు. రెండు వారాలకు మించిన దిగులు, తనకో బిడ్డకో హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి కూడా ఇదే గొంతుతో, ఇదే తీవ్రతతో చెప్పాలి. ఒకవేళ ఏడాదికి మీ దగ్గర యాభై ఎపిసోడ్లే ఉంటే, వాటిలో కనీసం పదిహేను కాన్పు తర్వాతి ఆరు వారాలకు ఇవ్వండి.

ఇప్పుడు మీ పని గురించి. రేడియో మీకే ఎక్కువ తెలుసు, అయినా కాన్పుల గది వైపు నుంచి కనిపించేవి కొన్ని ఉన్నాయి. ఒక ఎపిసోడ్‌కు ఒకే గుర్తు పెట్టుకోండి. తొమ్మిది గుర్తుల జాబితా చదివితే విన్నవాళ్లకు మొదటిదో, చివరిదో మాత్రమే మిగులుతుంది. గుర్తు, అంకె, చోటు, వ్యవధి, ఈ వరుస మార్చకండి. అంకె చెప్పేటప్పుడు వెనక సంగీతం ఆపేయండి. అతిథి డాక్టరుకు ప్రశ్నలతో పాటు ఒక చీటీ ఇచ్చి ఆ నాలుగూ రాసిమ్మని అడగండి, రాసివ్వలేకపోతే ఆ అంశం ప్రసారానికి ఇంకా సిద్ధంగా లేనట్టే. ‘ప్రీఎక్లాంప్సియా’ (గర్భంలో బీపీ పెరిగే జబ్బు) లాంటి వైద్యుల పేరు చివర్లో ఒక్కసారి చెబితే చాలు, ఆసుపత్రి కాగితం మీద కనిపించినప్పుడు గుర్తుపట్టడానికి.

వినేది ఎవరన్నది కూడా చూడాలి. చాలా ఫోన్లలో ఇయర్‌ఫోన్ వైరే యాంటెన్నా, అది గుచ్చితేగానీ ఎఫ్.ఎం. పలకదు. అంటే ఆమె విన్నది ఇంట్లో ఇంకెవరూ వినలేదు. బయల్దేరాలని ఆమెకు తెలిసినా, బండి పిలిచేది, డబ్బు తీసేది, ‘సరే’ అనేది వేరొకరు. సెరెన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు తల్లుల మరణాల వెనక ఉండే మూడు జాప్యాల గురించి 1994లో రాశారు: వెళ్లాలని తేల్చుకోవడంలో జాప్యం, చేరడంలో జాప్యం, చేరాక చికిత్స అందడంలో జాప్యం. రేడియో నేరుగా కదిలించగలిగేది మొదటిదాన్ని. దానికోసం భర్తలు, అత్తలు వినే వేళలో వాళ్లనే ఉద్దేశించి వేరే స్పాట్ వేయాలి. అందులో ప్రమాదాల చిట్టా వద్దు, ముందుగా తేల్చుకోవలసినవి చెప్పండి: ఏ ఆసుపత్రి, ఏ బండి, అర్ధరాత్రి దాని డ్రైవరు నంబరు ఏది, రక్తం ఇచ్చే ఇద్దరు ఎవరు, ఇంట్లో పిల్లల్ని చూసేది ఎవరు. అన్నిటికంటే ముఖ్యం, ఇంటి పెద్ద లేనప్పుడు ‘పదండి’ అనే అధికారం ఎవరిది. ఈ చివరి మాట ఏడో నెలలోనే మాట్లాడుకుని ఉంచాలి. ‘నిర్లక్ష్యం’ అన్న పదం మాత్రం వదిలేయండి. ఇంట్లో డబ్బు, నిర్ణయం రెండూ తన చేతిలో లేని మనిషిని ఆ మాట అంటే రేడియో కట్టేస్తుంది.

ఫోన్ ఇన్ కార్యక్రమాల్లో ఒక కట్టుదిట్టం అవసరం. కాల్ గాలిలోకి వెళ్లేముందు ఎవరో ఒకరు మూడు ప్రశ్నలు అడగాలి: రక్తం పోతోందా, తలనొప్పి గానీ ఫిట్స్ గానీ ఉన్నాయా, బిడ్డ కదలిక తగ్గిందా. దేనికి అవునన్నా ఆ కాల్‌ను ప్రసారంలో పెట్టకుండా, వరుసలో నిలబెట్టకుండా, అప్పుడే ఆసుపత్రికి పొమ్మని చెప్పాలి. బిడ్డ కదలిక తగ్గిందంటే ‘కాన్పు దగ్గరపడితే అలాగే ఉంటుంది’ అని వ్యాఖ్యాతలు సర్దిచెప్పడం విన్నాం. అది తప్పు, నెలలు నిండినా కదలికలు తగ్గకూడదు. కాల్ చేసినవాళ్ల పేరు, ఊరు పలకవద్దు. పేరు మార్చినా ఊరు చెబితే ఆ ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది.

‘ఆసుపత్రికి వెళ్లండి’ అని ప్రసారం చేసేముందు ఆ ఆసుపత్రికి మీరు ఒకసారి ఫోన్ చేయండి. రాత్రి పూట డాక్టరు ఉంటారా, మెగ్నీషియం సల్ఫేట్ ఉందా, ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో పెడుతున్నారా, రక్తం ఎక్కించగలరా, ఆపరేషన్ చేయగలరా. రేడియో మాట నమ్మి వెళ్లిన మనిషిని గేటు దగ్గర వెనక్కి పంపితే, ఆ వీధిలో మీ కార్యక్రమాన్ని ఇక ఎవరూ నమ్మరు. కార్యక్రమంలో దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా ప్రయాణ సమయంలో చెప్పండి.

చివరగా, పని చేసిందో లేదో తెలుసుకోవడం. ‘మా శ్రోతల్లో అవగాహన ఎక్కువ’ అని చూపించే సర్వేలు మాకు పెద్దగా నమ్మకం కలిగించవు. రేడియో వినే తీరిక, సెట్టు, చదువు ఉన్నవాళ్లకు ముందునుంచే ఎక్కువ తెలిసి ఉండొచ్చు కదా. పశ్చిమాఫ్రికా దేశమైన బుర్కినా ఫాసోలో 2012 నుంచి 2015 వరకు జరిగిన ప్రయోగంలో కొన్ని ప్రాంతాలను చీటీల పద్ధతిలో ఎంచి, రోజుకు సుమారు పదిసార్లు ఒక నిమిషం స్పాట్లు వేసి, వేయని ప్రాంతాలతో పోల్చారు. అది చిన్నపిల్లల జబ్బులపై చేసింది. ఆరోగ్య కేంద్రాలకు పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు పెరిగారు, మరణాలు తగ్గినట్టు మాత్రం సర్వేలో తేలలేదు. రెండు ఫలితాలూ మీకు పాఠమే. ఎక్కువసార్లు వినిపిస్తే జనం కదులుతారు, కదిలినవాళ్లకు అవతల సరైన చికిత్స ఉండాలి.

అంత పెద్ద ప్రయోగం మీరు చేయనక్కర్లేదు. స్పాట్ ప్రసారం చేసేముందు ఎనిమిది పది మంది మహిళలకు ఒక్కసారే వినిపించండి. ఏ గుర్తు చెప్పాం, ఎంతలోపు వెళ్లమన్నాం, ఎక్కడికి వెళ్లమన్నాం అని అడగండి. సగం మంది చెప్పలేకపోతే తిరగరాయండి. ప్రసారమయ్యాక ‘ప్రమాద సూచనల గురించి విన్నారా?’ అని అడగవద్దు, అందరూ విన్నామనే అంటారు. ఏమీ అందించకుండా ‘కాన్పయ్యాక ఏం కనిపిస్తే మీరు బయల్దేరతారు?’ అని అడిగి, వచ్చిన మాటను వచ్చినట్టే రాసుకోండి.

మీ అలమారాల్లో ఉన్న పాత రికార్డింగులను కూడా ఒకసారి తిరగేయండి. గర్భంలో నాలుగుసార్లు పరీక్షకు వెళ్లమన్న పాత సలహాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో మార్చింది. ఇప్పుడు కనీసం ఎనిమిదిసార్లు, మొదటిది 12 వారాలలోపే. ‘నాలుగుసార్లు’ అన్న టేపులు ఇంకా పునఃప్రసారం అవుతున్నాయి. వాటిని పక్కన పెట్టండి. మిగతావాటి మీద రికార్డు చేసిన తేదీ, అందులో చెప్పిన ఫోన్ నంబర్లు, మళ్లీ సరిచూడవలసిన తేదీ రాసి అతికించండి. కొత్త స్క్రిప్టులు పంపితే అందులోని అంకెలు, మందుల పేర్లు సరిచూసి పంపడానికి మేం సిద్ధం.

ఇట్లు,
ప్రసూతి సేవల్లో, ఆరోగ్య సమాచార రంగంలో పనిచేస్తున్న కొందరు